ఏకాదశికి సెలవు లేని మందు

నెల కిందట ఒక పొద్దున మా గుడివాడ ఇంట్లో స్నానాలగదిలోంచి నా నవ్వు వినబడి మావారు తలుపు కొట్టారు. "ఏమైంది?" అన్నారు. "ఏం లేదండీ, ఎర్రగా వచ్చింది" అన్నాను. అరవై దాటిన పెళ్లాం మూత్రం ఎర్రగా వచ్చిందని తలుపు గడియ వేసుకుని నవ్వుతుంటే ఏ మొగుడికైనా కాళ్లు చల్లబడతాయి. అంతకు ముందురోజే నాకు టీబీ అని తేలింది. చాలా రోజులు దగ్గి, ఇంట్లో ఉన్న మిరియాలన్నీ కషాయం పెట్టుకుని తాగేశాక, తెమడ పరీక్ష చేస్తే బయటపడింది. డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది. "ఆంటీ, మాత్ర వేసుకుంటే యూరిన్ ఆరెంజ్ కలర్‌లో వస్తుంది, భయపడకండి" అంది. "నాకు తెలుసమ్మా, ఆ రంగు మీద మా ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది" అన్నాను. ఎవరికి వచ్చిందని అడిగితే మా బామ్మకని చెప్పాను. ఆ పిల్ల తల ఊపి కంప్యూటర్లో ఏదో కొట్టుకుంది. అడిగి ఉంటే మొత్తం చెప్పేదాన్ని గానీ, బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

అప్పుడు మేం బందరులో, గొడుగుపేటలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. నేను కాలేజీలో చదువుతున్నాను. బామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, దివిసీమలో అవనిగడ్డ దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. ఎన్నిసార్లు రమ్మన్నా వచ్చేది కాదు. ఉప్పెన వచ్చి ఇంటి కప్పు ఎత్తుకుపోయాక తప్పనిసరై, ఒక ట్రంకుపెట్టె, ఒక రాగిచెంబు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వచ్చిన పూటే వంటిల్లు ఆవిడ వశమైంది. తెల్లవారకముందే నూతి దగ్గర స్నానం చేసి, ఎవరికీ తగలకుండా దండెం మీద ఎత్తున ఆరేసిన మడిబట్టను కర్రతో దింపి కట్టుకునేది. ఇక వంట అయ్యేదాకా మేం ఎవరం ఆవిడ దరిదాపులకి వెళ్లకూడదు. కుంపటి మీద కాఫీ డికాషను మరిగే వాసన, ఇంగువ వాసన, తడిబట్ట వాసన కలిసి ఉండే ఆ వంటింటి గుమ్మం ఇవతల నిలబడి, మా అమ్మ తన సొంత వంటింట్లోకి భయంభయంగా తొంగి చూసేది. "అత్తయ్యగారూ, కాస్త ఉప్పు ఇస్తారా?" అని అడిగి పుచ్చుకునేది.

దగ్గు ఆవిడతో పాటే వచ్చింది. ఉప్పెనలో తడిసిన నిమ్ము అని కొన్నాళ్లు, బందరు ఉప్పుగాలి పడలేదని కొన్నాళ్లు అనుకున్నాం. సాయంత్రమయ్యేసరికి జ్వరం తగిలేది, మనిషి చిక్కి సగమైంది. నాన్న బలవంతాన ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ఎక్స్‌రే ఫోటో తీయించి, దీపం దగ్గర పెట్టి చూసి, జబ్బు పేరు చెప్పి, "ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండాలండీ, మరీ దగ్గరదగ్గరగా కూర్చోకండి" అన్నారు. నాన్న తెల్లమొహం వేసి, "ఆవిడే మమ్మల్ని దగ్గరకి రానివ్వదండీ. కంచం వేరు, చెంబు వేరు, పడక వేరు. పొరపాటున తగిలితే మళ్లీ స్నానం చేస్తుంది" అన్నాడు. డాక్టరు గారు, "కంచాలూ చెంబులూ కాదు మాస్టారూ, అసలు చిక్కు దగ్గుతో. దగ్గినప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి, కిటికీలు తీసి ఉంచండి" అన్నారు. బామ్మ మాత్రం తన మడికి ఇన్నాళ్లకి ఒక ఇంగ్లీషు డాక్టరు సాక్ష్యం దొరికినట్టు అమ్మ వంక చూసింది.

మందుల్లో ముఖ్యమైనది అప్పట్లో కొత్తగా వచ్చిన ఎర్ర గొట్టం మాత్ర. నాన్న దాన్ని బెజవాడ నుంచి తెప్పించేవాడు. దాంతోపాటు ఇంకో తెల్లమాత్ర, వారానికి ఇన్నిసార్లని సూదిమందు. ఏడాది పైన వాడాలి. మూత్రం ఎర్రగా వస్తుందని కాంపౌండరు నాన్న చెవిలో చెప్పాడు, ఇంటికెళ్లి అమ్మగారికి చెప్పమన్నాడు. నాన్నకి వచ్చినన్ని తెలుగు మాటలు ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. పద్యం అందుకుంటే క్లాసులో గోడ మీది బల్లి కూడా కదిలేది కాదు. అలాంటివాడికి కన్నతల్లి ముందు నిలబడి ఆ విషయం చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. నువ్వు చెప్పమని అమ్మతో అన్నాడు, నువ్వే చెప్పమని అమ్మ నాతో అంది, నేను కాలేజీకి టైమైందని వెళ్లిపోయాను. మర్నాడు పెరట్లోంచి గావుకేక. "ఒరేయ్ సత్యం! నేను పోతున్నానురా! లోపల ఉన్న నెత్తురంతా కారిపోయిందిరా!" నాన్న సగం గడ్డం గీసుకున్న మొహంతో పరిగెత్తాడు. పెరటి తలుపుకి ఇవతల నిలబడి, కళ్లు మూసుకుని, "అది మందు రంగేనమ్మా!" అని గట్టిగా అరిచాడు. పక్కింటివాళ్లు, వెనకింటివాళ్లు, పాలు పోసే ఆవిడ అందరూ విన్నారు. ఏడాదిపాటు దాచిపెడదామనుకున్న జబ్బు అలా ఒక్క పొద్దుటితో వీధికెక్కింది.

ఆ గండం గడిచిందనుకుంటే మా బాబాయి వచ్చాడు. ఆయనకి పేపర్లు చదివి అందరికీ చెప్పే జబ్బు. ఆ గొట్టాన్ని ఎముకలు ఉడకబెట్టిన జిగురుతో చేస్తారని బామ్మ ముందే అనేశాడు. ఇక ఆవిడ గొట్టం మింగలేదు. దాన్ని విప్పి, లోపలి ఎర్రపొడిని తమలపాకులో తేనెతో రంగరించి నాకేది, గొట్టాన్ని చిటికెనవేలితో దొడ్లోకి విసిరేసేది. సగం పొడి ఆకుకే అంటుకునేది. మిగతా సగం పెదాలకీ నాలుక్కీ పళ్లకీ అంటేది. నున్నటి నుదురు, తెల్లచీర, ఎర్రగా పండిన నోరు! తాంబూలం మొహం చూడని వైధవ్యం ఆవిడది. కోవెల దగ్గర ఇద్దరు ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారట, కొడుకు దగ్గరకి వచ్చాక ఈవిడకి సోకులెక్కువయ్యాయని. బామ్మ ఆ మాట విని ఇంటికొచ్చి మూడు చెంబుల నీళ్లు పుక్కిలించి ఊసింది. అయినా ఆ ఎరుపు వదల్లేదు.

కాశింబీని మేం మొదట చూసింది డాక్టరు గారి దగ్గర సూదిమందు కోసం కూర్చునే బల్ల మీద. పరాసుపేటలో వాళ్లకి అద్దకం పని ఉండేది, చెక్క అచ్చులతో బట్టల మీద పువ్వులూ లతలూ అద్దేవాళ్లు. బామ్మ ఈడుదే, అదే జబ్బు, అదే మాత్ర. బల్ల ఆ చివర ఆవిడ, ఈ చివర బామ్మ, మధ్యలో ఇటూ అటూ తగలకుండా సరిహద్దు రాయిలా నేను. ఆరోజు డాక్టరు గారిని బామ్మ నిలదీసింది. "ఈ గొట్టం దేని ఎముకతో చేశారో చెప్పండి నాయనా." ఆయన నోరు తెరిచేలోగా బల్ల ఆ చివర నుంచి కాశింబీ, "నేనూ అదే అడుగుదామనుకుంటున్నా డాక్టరు బాబూ, ఏ జంతువుదో తెలిస్తే మా ఇంట్లోనూ నెమ్మదిగా ఉంటుంది" అంది. డాక్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "అమ్మా, నేను ఆ కంపెనీకి వెళ్లి చూళ్లేదు. అది మందుని మోసుకెళ్లే బండి. మీరు తినేది మందుని, బండిని కాదు." బామ్మ ఊరుకుంటుందా? "బండి కూడా నా నోట్లోంచే కదా నాయనా వెళ్లేది!" అంది. కాశింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. బామ్మ మూతి చూసి, "అమ్మగారూ, పొడి విప్పి తింటున్నారు కదూ? మా అద్దకం ఎరుపే ఇంకా నయం, ఉతికితే కాస్తయినా పోతుంది" అంది. బామ్మకి కోపం రావలసింది, నవ్వొచ్చింది. చివరికి గొట్టాన్ని గొట్టంగానే మింగి, వెంటనే తులసి తీర్థం పుచ్చుకుంటే దోషం పోతుందని తనే తీర్పు చెప్పుకుంది. కాశింబీ బిస్మిల్లా అని మింగుతానంది. "ఎవరి పేరైనా చెప్పుకోండి, విప్పకుండా మింగండి, ఏమీ తినకముందే మింగండి" అన్నారు డాక్టరు గారు.

ఏమీ తినకముందు అంటే కాఫీకి కూడా ముందే, మింగాక గంటదాకా అదీ లేదు. మందు చేదు కన్నా ఆ గంటసేపు బామ్మని ఎక్కువ కాల్చుకుతింది. మాత్ర మింగి, ఇత్తడి ఫిల్టరు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, దాన్ని కళ్లతోనే తాగేస్తూ ఉండేది. ఆ సమయంలో ఎవరం పలకరించేవాళ్లం కాదు. ఈలోగా దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, ఒళ్లు చేసింది. బుగ్గలు పూడి, అమ్మని మునుపటి కంఠంతో కేకలేయడం మొదలుపెట్టింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఒకరోజు బల్ల మీద కూర్చోగానే డాక్టరు గారు మెచ్చుకోలుగా, "రోజూ తప్పకుండా వేసుకుంటున్నట్టున్నారే" అన్నారు. బామ్మ గర్వంగా నిటారుగా కూర్చుని, "ఏకాదశులు తప్ప ఒక్కరోజు మానలేదు నాయనా" అంది.

ఆయన మెడలోని స్టెతస్కోపు తీసి పక్కన పెట్టారు. ఏకాదశి నాడు బామ్మ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. కాఫీ లేని ఆ రోజు ఆవిడ కోపానికి జడిసి మేమూ పెందలాడే బయటపడేవాళ్లం గానీ, మాత్ర సంగతి ఎవరికీ తట్టలేదు. డాక్టరు గారు గొంతు పెంచలేదు. "చూడండమ్మా, వేస్తూ మానేస్తూ ఉంటే ఆ క్రిమి మందుకి అలవాటు పడిపోతుంది. ఒళ్లు బాగుందనిపిస్తుంది, లోపల అది బతికే ఉంటుంది. మళ్లీ లేచిందంటే ఈ మందు మీకు పనిచేయదు. మీ దగ్గర్నుంచి ఈ పిల్లకి అంటితే దీనికీ పనిచేయదు" అని నన్ను చూపించారు. బామ్మ నా వంక చూసింది. నేను అప్పటిదాకా ఆ మొహంలో భయం చూడలేదు.

అయినా ఒప్పుకోలేదు. రిక్షాలో వస్తూ అసలు సంగతి చెప్పింది. నాన్నకి చిన్నప్పుడు అమ్మవారు పోసి, కళ్లు మూతలు పడి, ఊళ్లో అందరూ ఆశ వదులుకున్నారట. అప్పుడు మొక్కుకుంది, వీడు బతికితే నా ఊపిరి ఉన్నన్నాళ్లు ఏకాదశి నాడు నీటిచుక్క ముట్టనని. "నేను తప్పితే వాడికేమైనా అయితే?" అంది. నాన్న మొహం మీద అప్పటికీ ఆ మచ్చలున్నాయి, నేను రోజూ చూసేదాన్ని. అవి ఆవిడకి మొక్కు గుర్తులని నాకు తెలియదు. అంతదాకా మూర్ఖత్వమని విసుక్కుంటూ కూర్చున్నాను. కొడుకు ఒకవైపు, మనవరాలు ఒకవైపు, మధ్యలో మాత్ర మింగడానికి ఒక గుక్కెడు నీళ్లు.

తర్వాత వారం బల్ల మీద ఇది వాదమైంది. అప్పటికి సరిహద్దు రాయి అవసరం తీరిపోయి నన్ను పక్కకి జరిపేశారు, పిలుపులు కూడా వదినగారూ అంటే వదినగారూ అనేదాకా వచ్చాయి. "రోగిష్టి మనిషికి దేవుడు మినహాయించడా వదినగారూ?" అంది కాశింబీ. "ముందు నీ సంగతి చూసుకో. రంజాను వస్తోంది, నెలంతా రోజా ఉంటానంటున్నావుటగా? మీ గ్రంథంలోనే జబ్బుమనిషి ఉండక్కర్లేదని రాసుందని మా సత్యం చెప్పాడు" అంది బామ్మ. "రాసుంటే మాత్రం? ఊహ తెలిసినప్పటి నుంచీ ఒక్కటి వదల్లేదు నేను." "మరి నేనో?" ఇద్దరిదీ ఒకటే వరస. ఎదుటి మనిషి దేవుడు ఎంత దయ గలవాడో ఇద్దరికీ బాగా తెలుసు. తమ దేవుడి దగ్గరకి వచ్చేసరికే ధైర్యం చాలదు.

రంజాను మాకు శ్రావణంతో కలిసి వచ్చింది. వానలు. ఇద్దరి పండగలూ చంద్రుణ్ణి చూసుకునే నడుస్తాయి కనుక రోజాలు కొన్ని గడిచేసరికి ఏకాదశి పడింది. ఆ పొద్దున కాశింబీ కొడుకు మీరా తడిసిన సైకిలు మా అరుగుకి ఆనించి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "మామ్మగారూ, మా అమ్మకి తెల్లారగట్ల దగ్గులో నెత్తురు పడిందండీ. డాక్టరు గారొచ్చి రోజా మానెయ్యమన్నారు. సహరీకి, అదే తెల్లారకముందు తినే అన్నానికి, మెలకువ ఆలస్యమవుతోందని, మాత్రేసుకుని గంట ఆగే వ్యవధి లేక రోజూ తినేసి మాత్ర వదిలేస్తోందటండీ. ఇప్పుడు వేసుకోమంటే రోజా చెడుతుందని పళ్లు బిగించేసింది. మీ మాటైతే వింటుందేమోనని..." బామ్మ మడిబట్ట విప్పి మామూలు చీర కట్టుకుని, ఎవరినీ అడక్కుండా రిక్షా ఎక్కేసింది. చెంబు తీసుకోలేదు, ఉపవాసం కదా, చెంబుతో ఏం పని? వెంట బయల్దేరిన నా చేతిసంచిలో అమ్మ బామ్మ మాత్ర పడేసింది. డాక్టరు గారు మందలించినప్పటి నుంచీ ప్రతి ఏకాదశికీ అలా ఇవ్వజూడడం, ఆవిడ విదిలించి కొట్టడం అప్పటికి మా ఇంట్లో అలవాటైపోయింది.

బామ్మ అంతకు ముందెన్నడూ సాయిబుల ఇంటి గడప తొక్కలేదు. నడవంతా అచ్చు చెక్కలు, ఆరేసిన బట్టలు, కరక్కాయ వాసన. కిటికీ పక్క మంచం మీద కాశింబీ గోడకి ఆనుకుని ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. బామ్మ మంచం పట్టెమీదే కూర్చుంది. "వేసుకో." "ఊహు." "చస్తావే." "చస్తే రోజాతో చస్తాను, నేరుగా పోతాను." "ఎక్కడికి పోతావో గానీ ఈ కుర్రాడిని చూడు, ఎలా ఉన్నాడో." కాశింబీ కొడుకుని చూసింది, కళ్లు తుడుచుకుంది. తర్వాత నా సంచి వంక చూసి, ఆ నీరసంలోనూ కొంటెగా నవ్వింది. "ఇవాళ మీ ఏకాదశి కదూ వదినగారూ? మీరు ముందు వేసుకోండి. నేనూ వేసుకుంటా."

బామ్మ చెయ్యి చాపింది, నేను మాత్ర పెట్టాను. మీరా చిన్న గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఇవ్వాలో కూడదో తెలియక సగం దూరంలో ఆగిపోయాడు. ఏకాదశి, నీళ్లు, అవి కూడా వాళ్లింటి నీళ్లు. ఆవిడ జీవితంలో ఏ ఒక్కటీ తప్పనిది, మూడూ ఒక్క గుక్కలో తప్పాలి. బామ్మ పైకప్పు వంక తలెత్తింది. "స్వామీ, ఇది నా నెత్తిన వెయ్యి. వాడి జోలికి మాత్రం పోకు" అంది పైకే, ఎవరో ఎదురుగా ఉన్నవాళ్లతో అన్నట్టు. గ్లాసు అందుకుని మింగేసింది. కాశింబీ మీరా చేతిలోంచి తన మాత్ర తీసుకుని, అదే గ్లాసు మళ్లీ నింపించుకుని మింగింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "గంటదాకా ఏం తినకూడదు, తెలుసుగా?" అంది బామ్మ. "ఉపవాసం ఉన్నవాళ్లం మనకెందుకండీ ఆ బెంగ!" అంది కాశింబీ, నవ్వారిద్దరూ.

మర్నాడు నాన్న స్కూలు మెట్ల మీద జారి కాలు బెణికించుకుని రిక్షాలో ఇంటికొచ్చాడు. మా పైప్రాణాలు పైనే పోయాయి, ఇక ఈవిడ మాత్ర ముడుతుందా అని. బామ్మ పాలిపోయిన మొహంతో కొడుకు చీలమండకి ఉప్పు కాపడం పెడుతూ, ఎలా పడ్డావని గుచ్చి గుచ్చి అడిగింది. "అరటితొక్కమ్మా, ఎవడో కుర్రవెధవ పడేశాడు" అన్నాడు నాన్న. ఆవిడ కాపడం మూట పక్కన పెట్టి, "పోనీలే, స్వామి అరటితొక్కతో సరిపెట్టుకున్నాడు" అంది. అక్కడి నుంచి ఏకాదశి పొద్దున మాత్రకి ఒక్క గుక్కెడు నీళ్లు పుచ్చుకుని, తర్వాత ఉపవాసం ఉండేది. ఆ పొద్దుల్లో కాశింబీ రిక్షాలో వచ్చి ఎదురుగా అరుగు మీద కూర్చుని, మింగాక నోరు తెరిపించి మరీ చూసేది. కాశింబీ ఆ ఏడు మిగిలిన రోజాలు మానేసి, ఒళ్లు బాగుపడ్డాక పట్టి తీర్చుకుంది. డాక్టరు గారు ఇక చాలు అనేదాకా ఇద్దరూ మందు ఆపలేదు, ఎన్నాళ్లే అని సణగడమూ ఆపలేదు. నాకు అప్పుడు ఏమీ అంటలేదు.

ఇప్పుడు మందులన్నీ కలిపి ఒకే రకం మాత్ర చేశారు. సూదిమందు బాధ లేదు, ఏడాది పట్టదు, వీధిలో ఎవరూ ముక్కున వేలేసుకోరు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్‌లో ఒక అమ్మాయి "వేసుకున్నారా ఆంటీ?" అని అడుగుతుంది. మంచి పిల్ల. వేసుకున్నానంటే నమ్మేసి పెట్టేస్తుంది. మావారు పేపరు చదువుకుంటూ ఉంటారు. ఒళ్లు తేలికపడింది కదా, ఒక్కరోజు మానితే ఏమవుతుందని నాకూ అనిపిస్తూనే ఉంటుంది. అప్పుడు నోరు తెరిపించి చూసే మనిషి లేదే అని దిగులేస్తుంది. నిన్న ఆయన్ని పేపరు మడిచిపెట్టి ఎదురుగా కూర్చోమన్నాను. ఎందుకన్నారు గానీ కూర్చున్నారు.

వాళ్లిద్దరూ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. ముందు కాశింబీ పోయింది, జబ్బుతో కాదు, ముసలితనంతో. మీరా వచ్చి గుమ్మంలో చెప్పి వెళ్లిపోయాడు. బామ్మ లేచి, గోడ పట్టుకుని నూతి దగ్గరకి నడిచి, కట్టుబట్టలతోనే తల మీంచి నీళ్లు పోసుకుంది, సొంతవాళ్లు పోయిన కబురు వింటే చేసే స్నానంలాగా. అమ్మ తెల్లబోయి, "అదేంటి అత్తయ్యగారూ, ఆవిడకి మనకి మైలేమిటి?" అంది. బామ్మ తడికొంగు పిండుకుంటూ, "ఆవిడే లేకపోతే ఈ స్నానం నా కోసం మీరు చేసుండేవాళ్లే, ఎప్పుడో" అంది.